లిస్టులో లేని జబ్బు

మా ఇంట్లో బీట వారని గోడ, సొట్ట పడని గిన్నె ఉండేవి కావు. గోడలకు బీటలు బ్లాస్టింగు వల్ల వచ్చాయి. గిన్నెలకు సొట్టలు నా వల్ల వచ్చాయి. గోదావరిఖనిలో మా కంపెనీ క్వార్టరుకు కొంచెం దూరంలోనే, పైనుంచే నేలను పేల్చి బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు గని ఉంది. మధ్యాహ్నం సైరన్ మోగగానే ఆడవాళ్లం పొయ్యి ఆర్పేసి, గూట్లోని గాజు సామాను కింద పెట్టి, వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్లం. నేల కింది నుంచి ఎవరో తన్నినట్టయ్యేది. కిటికీలు గజగజలాడేవి, సున్నం రాలేది. దుమ్ము అణిగాక ఎవరి పనిలోకి వాళ్లం వెళ్లిపోయేవాళ్లం. ఆ పేలుడు తర్వాత నాకు కాసేపు హాయిగా ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నాకు నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. చిన్నప్పటి నుంచి అంతే. ఈ రాతలో నేను కొట్టిన దెబ్బలున్నాయి, తిన్న దెబ్బలున్నాయి. కొట్టినందుకు బాధపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఒకరిద్దరిని ఇంకాస్త గట్టిగా కొట్టాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మా ఆయన అండర్‌గ్రౌండ్ గనిలో సపోర్ట్‌మన్. మా వైపు గనిని బాయి అంటారు. బాయిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఊతాలు నిలబెట్టడం ఆయన పని. పని మొదలుపెట్టే ముందు ఇనుప కడ్డీతో పైకప్పును కొట్టి చప్పుడు వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. బోలుగా మోగితే లోపల డొల్ల అన్నట్టు, ఏ నిమిషాన మీద పడుతుందో తెలియదు. ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికి కూడా వచ్చింది. ఎవరింటికి వెళ్లినా గోడను రెండు వేళ్లతో కొట్టి చూసేవాడు. పుచ్చకాయల బండి దగ్గరైతే బండివాడు విసుక్కుని చెయ్యి తోసేసేదాకా కొట్టేవాడు. పెళ్లైన కొత్తలో అది చూసి పడీపడీ నవ్వేదాన్ని.

నవ్వడం మానేసే నాటికి మా పెళ్లై చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. కరీంనగర్‌లో ఒక డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, నాళాలు రెండూ మూసుకుపోయాయని చెప్పింది. గర్భసంచి బాగానే ఉందట. అందులో బఠాణీ గింజంత గడ్డ ఉంది కానీ దానివల్ల భయం లేదట. టెస్ట్‌ట్యూబ్ పద్ధతి ఒక్కటే దారి అని, ఖర్చు ఎంతవుతుందో చెప్పింది. ఆ మాట విన్నాక మా ఆయన కుర్చీ చేతిని వేళ్లతో కొడుతూ కూర్చున్నాడు. నేనే ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు పెద్దగా ఫికర్ లేదు. కంపెనీ ఉంది కదా అనుకున్నాను. మా బొగ్గు బెల్టులో పుట్టి పెరిగినవాళ్లకు కంపెనీ అంటే ఆ నమ్మకం. ఉండే ఇల్లు దానిది, నల్లాలో వచ్చే నీళ్లు దానివి, కరెంటు దానిది. కార్మికుడికీ ఇంట్లోవాళ్లకూ వైద్యం దానిదే. మా పక్కింటి కాకకు గుండెలో స్టెంట్లు వేయించింది కంపెనీయే. కాక ఆ సంగతి దారిన పోయేవాళ్లను పిలిచి మరీ చొక్కా విప్పి చెప్పేవాడు. కాక గుండెకు పెట్టిన కంపెనీ నా కడుపుకు పెట్టదా అనుకున్నాను.

కంపెనీ దవాఖానలో బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి నా కాగితాలు తిరగేసి వెనక్కి తోశాడు.

"ఇది లిస్టుల లేదమ్మా."

"లిస్టుల లేకపోతే ఎట్ల సారూ? రోగమే గదా."

"పిల్లలు కాకపోవుడు రోగం కాదమ్మా. పానం మీదికొస్తే చూస్తం గని, గిది చూడం."

నా అరచెయ్యి ఆయన బల్ల మీది అద్దం మీద పడింది. అద్దం నడిమికి పగిలింది. అరచెయ్యి తెగి రక్తం కారింది. ఆయన కుర్చీలోంచి లేచి గోడకు ఆనుకున్నాడు. సిస్టరమ్మలు పరుగెత్తుకొచ్చి నన్ను పక్కగదికి తీసుకుపోయి, అక్కడే కుట్లు వేసి, ఇంజక్షన్ ఇచ్చి, కట్టు కట్టి, వారానికి సరిపడా మందులు చేతిలో పెట్టారు. అన్నీ ఉచితమే. చెయ్యి తెగడం లిస్టులో ఉంది.

తర్వాత ప్రైవేటు ఆరోగ్య బీమా సంగతి చూశాం. బసంత్‌నగర్ నుంచి ఒక ఏజెంటు మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. మర్యాద తెలిసిన కుర్రవాడు, చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికి వచ్చాడు. కాన్పు ఖర్చు ఇస్తామన్నాడు. పుట్టిన బిడ్డకు మొదటి రోజు నుంచే బీమా ఉంటుందని మురిపెంగా చెప్పాడు.

"గా బిడ్డ పుట్టుడే ఎట్ల అంటున్న తమ్మీ. దానికి మీ బీమా ఏమిస్తది?"

"సంతానం లేకపోవడం జబ్బు కిందకి రాదండి, అక్కా. అది తప్ప అన్నీ వస్తాయండి."

చేతిలో ఉన్న చెంబులోని నీళ్లు అతని ముఖాన కొట్టాను. అదృష్టవంతుడు, టీ ఇంకా కాగలేదు. పాపం, అతను ముఖం తుడుచుకుని "పర్లేదండి" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

డబ్బు పెట్టాల్సినవాళ్లందరూ రోగం కాదన్నారు. మిగతా లోకమంతా రోగమే అంది. మా ఆయన అన్న భార్య అంటే మా యారాలు. ఆమె చెల్లెలి బిడ్డకు తొట్టెల, అంటే ఉయ్యాల వేడుక, పెట్టుకున్నారు. రామగిరిలో ఫంక్షన్. బిడ్డను తొట్టెలలో వేసే ముందు ముత్తైదువలు చుట్టూ నిలబడి, తొట్టెల మీదుగా, కింద నుంచి బిడ్డను చేతులు మార్చుకుంటూ తిప్పుతారు. బిడ్డ నా పక్కనున్న ఆమె చేతిలోకి వచ్చింది. నేను కొంగు సర్దుకుని రెండు చేతులూ చాచాను. ఇంతలో యారాలి తల్లి నా ముందు నుంచి చెయ్యి పెట్టి బిడ్డను అవతలికి లాక్కుంది.

"ఆమెకియ్యకుండ్రి. ఆమెకు రోగమున్నది, పిల్లకు తగుల్తది" అంది.

బిడ్డ అవతలి చేతుల్లోకి భద్రంగా వెళ్లేదాకా ఆగాను. అంత మాత్రం ఓర్పు ఉంది నాకు. ఆ తర్వాత ముసలామె చెంప పగలగొట్టాను. ఆమె కూతుళ్లు నా కొప్పు పట్టి వంచారు. నా గాజులు పగిలి మణికట్టులో గుచ్చుకున్నాయి. ఒకామె నా వీపు మీద గుద్దుతూనే ఉంది. తొట్టెలకు కట్టిన పూలన్నీ మా కాళ్ల కింద నలిగిపోయాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపొక్కటే ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ సంగతి మా ఆయనకు బాయి దగ్గరే తెలిసింది. మొదటి షిఫ్టు అయ్యాక తాగి ఇంటికి వచ్చాడు. నేను తల దువ్వుకుంటూ నేల మీద కూర్చుని ఉన్నాను. ఎదురుగా గొంతుక్కూచుని, నా కడుపు మీద రెండు వేళ్లతో టకటకా కొట్టాడు. చెవి దగ్గరగా వంచి విన్నాడు.

"డొల్ల" అన్నాడు.

పక్కనే పచ్చడి బండ ఉంది. ఆ రెండు వేళ్ల మీదే కొట్టాను. ఆయన కేక పెట్టి నన్ను తన్నాడు. నేను లేచి మళ్లీ కొట్టాను. చెంప మీద ఆయన కొట్టిన దెబ్బకు నా చెవి గుయ్యిమంది. ముందు గదిలో మొదలైన కొట్లాట వంటింటి దాకా పోయింది. టీవీ పడింది, బియ్యం డబ్బా పడింది. బియ్యం మీద కాలు జారి ఇద్దరం పడ్డాం. ఎవరూ తలుపు కొట్టలేదు. మా లైనులో జీతాల రోజున సగం ఇళ్లలో ఇదే చప్పుడు. పడ్డచోటే ఆయన ఏడవడం మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు. ఆ మనిషిని చంపేయాలన్నంత కోపం వచ్చింది. ఆ మాట అబద్ధం కాదు.

"అన్నకు చెప్త. అన్న పైరవీ చేస్తడు" అన్నాడు, వాచిన వేళ్లు పట్టుకుని.

మా బావ, అంటే ఆయన అన్న, పైరవీలో దిట్ట. ఆఫీసుల్లో ఎవరిని ఎప్పుడు పట్టుకోవాలో, ఎవరి పేరు చెబితే ఎవరు కుర్చీ ఇస్తారో ఆయనకు తెలుసు. పైరవీ లేకుండా ఏ పనీ కాదని మా బెల్టులో ఒక గట్టి నమ్మకం. తప్పనిసరిగా రావలసినదానికి కూడా ఎవరితోనో ఒక మాట చెప్పిస్తేగాని మాకు నిద్రపట్టదు. ఆ బావే అంతకుముందు ఒకసారి తన చిన్నకొడుకును మమ్మల్ని దత్తత తీసుకుని సాదుకోమన్నాడు. తండ్రి ఒళ్లు చెడి గని పనికి అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం వచ్చే పద్ధతి మా దగ్గర ఉంది. బావకు కొడుకులు ఇద్దరు, ఉద్యోగం ఒకటి. పిల్లలు లేని తమ్ముడి ఉద్యోగం వృథాగా పోతోందని ఆయన బాధ. నేను ఒప్పుకోలేదు. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు కాబట్టి మరచిపోయాడనుకున్నాను.

ఈసారి ఆయన వచ్చి మా మంచం మీద కూర్చుని విషయమంతా విన్నాడు.

"గిదేం పెద్ద పని? కంపెనీ ఏ రోగానికి పెడ్తదో ఆ రోగమే రాయిద్దాం" అన్నాడు. "కడుపుల గడ్డ ఉన్నదంటున్నరు గదా. దాన్నే పెద్దగ జేసి చూపెడ్దాం. ముందుగాల్ల హైదరాబాద్‌ల పెద్ద దవాఖాన గేటు దాటాలె. లోపలికి పోయినంక డాక్టర్‌తోని మాట్లాడుకుంటే, మన వైద్యం మనకు జేస్తడు."

వేరే ఊరివాళ్లకు ఈ మాట పిచ్చిగా అనిపించవచ్చు. మాకు అనిపించలేదు. గేటు దాటితే లోపల ఏదో ఒకటి మాట్లాడుకోవచ్చన్నది మాకు తల్లిపాలతో వచ్చిన తెలివి. నేనూ నమ్మాను. నడుము నొప్పి అని రాయించి మోకాలు చూపించుకున్నవాళ్లు మా లైనులోనే ఉన్నారు. బావ తిరగని చోటు లేదు. కొన్నాళ్లకు కంపెనీ ఖర్చుతో హైదరాబాదు ఆసుపత్రికి పంపే లెటర్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు ఆయన కాళ్లకు దండం పెట్టాను. కోడి కోసి వండి పెట్టాను. ఆయనా సంతోషంగానే తిన్నాడు.

ఆ ఆసుపత్రి మా ఊరి సినిమా హాలుకంటే చల్లగా ఉంది. బావ ముందు నడిచాడు. సంతకం పెట్టమని ఎక్కడ వేలు చూపితే అక్కడ మా ఆయన పెట్టాడు, నేనూ పెట్టాను. అంతా ఇంగ్లీషు. బావ తెచ్చిన స్కానింగ్ కాగితాలే చూసుకుని మంచం ఇచ్చారు, రక్తం తీశారు, చేతికి సూది గుచ్చి ప్లాస్టర్ వేశారు. మర్నాడు పొద్దున ఆకుపచ్చ గౌను తొడిగారు. బావ డాక్టరుతో మాట్లాడి ఉంటాడు, మూసుకుపోయిన నాళాలు తెరుస్తారు కాబోలు అనుకున్నాను. నాకు భయం వేసింది. కానీ లోపల ఒక మూల సంతోషం కూడా ఉంది. తొట్టెల ఎక్కడ కట్టాలా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

ఒక సిస్టరమ్మ వచ్చి నా జుట్టు రెండు జడలు వేస్తూ మాట్లాడింది. వరంగల్ దిక్కు పిల్ల.

"ఇయ్యాల్టితోని నెలనెలా బాధ ఉండదక్కా. ఇగ హాయిగుంటవ్."

"బాధ ఉండకపోవుడేంది?"

"గర్భసంచి తీసేస్తే ఇగ నెల యాడికెళ్లి వస్తదక్కా?"

నేను లేచి కూర్చున్నాను. ఆమె నవ్వి, నా భుజం నొక్కింది.

"భయపడకక్కా. ఇద్దరు పిల్లలున్నరు గదా నీకు. ఇగ దాంతోని ఏం పని?"

ఇద్దరు పిల్లలు. ఒక్క క్షణం నాకు ఆ మాట తియ్యగా వినిపించింది. అది చెప్పకుండా ఉండలేను. ఒకే ఒక్క క్షణం. తర్వాత మంచం దిగి, ఆమె "అక్కా, అక్కా" అంటుండగానే చెప్పులు లేకుండా వరండాలోకి నడిచాను.

బావ బెంచీ మీద కూర్చుని టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని ఇడ్లీ తింటున్నాడు. మా ఆయన చాయ్ కోసం కిందికి వెళ్లాడు.

"బావా, నాకు ఇద్దరు పిల్లలని ఎవరు చెప్పిండ్రు?"

"మెల్లగ మాట్లాడు. గట్ల రాయించినం. పిల్లలు లేరని రాస్తె కంపెనోళ్లకు అనుమానం రాదా, పిల్లల కోసమే పోతున్నరని? లెటరే ఇయ్యరు."

"లోపల గర్భసంచి తీస్తరట!"

ఆయన చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది. ఆయనకు తెలియదు. ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. గడ్డ పెద్దగా ఉందని, పిల్లలు ఇద్దరని, రక్తం విపరీతంగా పోతోందని రాయిస్తే డాక్టర్లు చేసే పని అదేనన్న ఆలోచన ఆయన పైరవీ బుర్రకు రాలేదు. అక్కడితో లేచి వెళ్లి డాక్టరుకు నిజం చెప్పి ఉంటే, ఈ రోజుకీ ఆయన్ను బావా అనే పిలిచేదాన్ని. ఆయన లేవలేదు. కూర్చున్నచోటే క్యారియర్ మూతలో చెయ్యి కడుక్కున్నాడు.

"ఇంత దూరమొచ్చినం. ఇప్పుడు కాదంటే నా ఇజ్జత్ పోతది, ఇంకోసారి ఎవ్వడు లెటర్ ఇయ్యడు" అన్నాడు. "పిల్లలు ఎట్లాగు అయితలేరు గదా. గది ఉంటే ఏంది, పోతే ఏంది? ఒక్క రూపాయి లేకుండ అయిపోతది. మా చిన్నోడు మీకు కొడుకు కాదా?"

క్యారియర్ ఎత్తి ఆయన ముఖం మీద కొట్టాను. స్టీలు అంచు కనుబొమ్మకు తగిలి చర్మం చీలింది. రక్తం, సాంబారు కలిసి కంట్లోకి కారాయి. ఆయన కళ్లు మూసుకుని బెంచీ మీంచి జారిపోయాడు. మళ్లీ కొట్టాను. నా చేతికి గుచ్చిన సూది ఊడిపోయి, ఆకుపచ్చ గౌను మీద నా రక్తం కూడా పడింది. జనం అరుస్తూ పక్కకు తప్పుకున్నారు. ఎవరో వెనక నుంచి నా జడ పట్టి ఈడ్చారు. తిరిగి ఆ చెయ్యి కొరికాను. అది మా ఆయన చెయ్యి.

"పిచ్చి లేసిందా నీకు? అన్నను చంపుతవా?"

"నీ అన్న నన్ను కోయిస్తున్నడు! గర్భసంచి తీయిస్తున్నడు! అడుగు, ఉంటే ఏంది పోతే ఏంది అన్నడా లేదా అడుగు!"

మా ఆయన జడ వదిలేశాడు. కింద పడ్డ అన్న వైపు చూశాడు. "నిజమేనా అన్నా?" అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

"తమ్మీ, నీ మంచికే రా. నువ్వు జర..."

ఆ మాట పూర్తి కాలేదు. బాయిలో ఇనుప ఊతాలు ఎత్తే చేతులవి. ఒక్క గుద్దుకే బావ పళ్లు కదిలాయి. ఇద్దరూ ఆ నున్నటి గచ్చు మీద దొర్లారు. సెక్యూరిటీవాళ్లు నలుగురు వస్తేగాని విడిపించలేకపోయారు. మా ఆయన వాళ్ల పట్టులోంచి కూడా కాళ్లతో తన్నుతూనే ఉన్నాడు. తల్లి పేరుతో ఇద్దరూ తిట్టుకున్నారు, ఇద్దరికీ ఒకే తల్లి. నిజం చెప్పాలంటే నాకు తృప్తిగా ఉంది. ఆ రోజే మా ఆయన మీద నాకు మొదటిసారి ప్రేమ కలిగిందేమో.

డాక్టరును నేనేమీ అనను. విషయం తెలియగానే ఆయన ఆపరేషన్ ఆపేయించాడు. "మీరు పిల్లలు లేరని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాట చెబితే లెటరే రాదని ఆయనకు ఎలా అర్థమవుతుంది? చేతికి రక్తం మరకలతోనే రైలెక్కి రామగుండంలో దిగాం. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు.

ఇక మా దారి మేం చూసుకున్నాం. మా ఆయన ఆదివారాలు ప్లేడే డ్యూటీలు చేశాడు. సెలవు రోజు పనికి ఎక్కువ కూలి వస్తుంది. నా పుస్తెలతాడులో బంగారమన్నది మిగలలేదు, పసుపు తాడు కట్టుకున్నాను. కరీంనగర్ డాక్టరమ్మ దగ్గర వైద్యం మొదలుపెట్టాం. ఇంజక్షన్లు రోజూ కడుపు మీద పొడుచుకోవాలి. నేనే పొడుచుకునేదాన్ని. మెల్లగా గుచ్చాలని సిస్టరమ్మ నేర్పింది కానీ నా చేతికి మెల్లగా రాదు. నన్ను నేను కొట్టుకున్నట్టే గుచ్చుకునేదాన్ని. బొడ్డు చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. మా ఆయన చూడలేక వాకిట్లోకి వెళ్లి గోడ కొడుతూ నిలబడేవాడు.

కడుపులో పెట్టిన పిండం నిలవలేదు. ఫోనులో చెప్పారు. మధ్యాహ్నం సైరన్ మోగుతోంది. అలవాటుగా పొయ్యి ఆర్పి, అందరితోపాటు వాకిట్లో నిలబడ్డాను. నేల తన్నినప్పుడు, ఆ పేలుడు చప్పుడులో నోరు తెరిచి అరిచాను. గొంతులో రక్తం రుచి తగిలేదాకా అరిచాను. పక్కింటి కాక భార్య కూడా వినలేదు. దుమ్ము అణిగాక లోపలికి వెళ్లి అన్నం వార్చాను. ఆ రోజు ఏమీ పగలగొట్టలేదు.

ఇంకోసారి ప్రయత్నిద్దామని మా ఆయనే అన్నాడు. మళ్లీ ప్లేడేలు మొదలుపెట్టాడు. అలాంటి ఒక ఆదివారం పైకప్పు నుంచి బొగ్గు పెళ్ల ఊడి ఆయన మీద పడింది. భుజం నుజ్జయింది, పక్కటెముకలు విరిగాయి. కంపెనీ అంబులెన్సు సైరన్ వేసుకుని హైదరాబాదు దాకా ఆగకుండా పోయింది. ఆపరేషన్లు, రాడ్లు, మందులు, నాకు పడుకోవడానికి పక్క మంచం, మూడు పూటలా భోజనం. ఎవరూ ఏ కాగితమూ వెనక్కి తోయలేదు. మనిషి విరిగితే కంపెనీ నిజంగానే చూసుకుంటుంది, ఆ మాట అనకపోతే పాపం తగులుతుంది. కానీ ఆ మంచం పక్కన కూర్చుని నాకు ఆ పెళ్లను ముక్కలు ముక్కలుగా బద్దలు కొట్టాలనిపించింది. ఆయన కళ్లు తెరిచి మొదట అన్నది ఒకటే.

"కొట్టి చూసిన్నే. ఖంగుమన్నది."

ఆ తర్వాత ఆయనకు పైన తేలిక పని ఇచ్చారు. ప్లేడేలు లేవు. ఇంకోసారి అన్న మాట ఇద్దరం ఎత్తలేదు.

బఠాణీ గింజంత గడ్డ మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. ఈ మధ్య రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. నిలబడితే కళ్లు తిరిగేవి. కంపెనీ దవాఖానలో స్కానింగ్ తీసి, నిమ్మకాయలంత గడ్డలు చాలా ఉన్నాయని, గర్భసంచి తీసేయక తప్పదని చెప్పారు. ఒకప్పుడు మేం దొంగతనంగా రాయించిన రోగం ఇప్పుడు అక్షరాలా నాకు వచ్చింది. లెటర్ ఆ రోజే ఇచ్చారు. పైరవీ అక్కర్లేదు, ఎవరి పేరూ చెప్పక్కర్లేదు. మళ్లీ ఆ హైదరాబాదు ఆసుపత్రికే. వరండాలో ఆ బెంచీ అలాగే ఉంది.

మెలకువ వచ్చేసరికి మా ఆయన మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. రాడ్లు వేసిన భుజం ఒక పక్కకు వంగి, మంచి చెయ్యి నా దుప్పటి మీద ఉంది. వేళ్లు కదలడం లేదు. నాకు ఆ పాత సాయంత్రం గుర్తొచ్చింది. నాలుక ఎండిపోయి ఉంది, అయినా అనకుండా ఉండలేకపోయాను.

"ఇప్పుడు కొట్టి చూడు" అన్నాను.

ఆయన చెయ్యి తీసేసుకుని, లేచి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. వెనక నుంచి భుజాలు కదలడం కనిపించింది, ఒకటి మాత్రమే సరిగ్గా కదులుతుంది. పచ్చడి బండతో కొట్టినప్పటికంటే గట్టి దెబ్బ కొట్టానని తెలిసింది. కొట్టాలనే కొట్టాను.

ఇంటికి వెళ్లే రోజు పొద్దున ఒక సిస్టరమ్మ వచ్చింది. అప్పటి పిల్ల కాదు, ఇంకా చిన్నది. మా పాత వివరాలు వాళ్ల కంప్యూటర్‌లో అలాగే ఉండిపోయాయట. నవ్వుతూ నా దిండు సరిచేసింది.

"బిల్లంత కంపెనీదే అక్కా, ఒక్క రూపాయి కట్టేది లేదు. తీస్కపోతందుకు పిల్లలు వస్తున్నరా? ఇద్దరున్నరు గదా నీకు."

నా చెయ్యి లేచింది. దానికి వేరే ఏదీ తెలియదు. ఆ పిల్ల అది చూసి, నేను లేవడానికి ఆసరా అడుగుతున్నాననుకుని, వంగి తన చేతిని నా చేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. నేను వదల్లేదు. గట్టిగా పట్టుకున్నాను, ఆమెకు నొప్పి పుట్టి ఉంటుంది, అయినా లాక్కోలేదు.

"రారు బిడ్డా" అన్నాను. "వాళ్లు రారు."